బెల్లం తీసేస్తే రాగి జావ గొంతు దిగేదెట్లా? మా ఇంట్లో నాలుగు వారాల ప్రయోగం

కర్నూల్లో ఎండ చూస్తున్నారు కదా, పొద్దున తొమ్మిదికే ఫ్యాన్ గాలి కూడా వేడిగా వస్తోంది. ఈ ఎపిసోడ్ కిచెన్‌లోనే తీస్తున్నా, మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే అడ్జస్ట్ అయిపోండి.

పోయిన వీడియో కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగినారు. "అన్నా, రాగి జావ మంచిదని అందరూ చెప్తారు, కానీ గొంతులోకి దిగదు. రుచిగా ఉండాలంటే ఏం కలపాలి?" రిప్లై టైప్ చేస్తూ మధ్యలో ఆగిపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్నకు ఒకసారి నేను టకామని జవాబు చెప్పేశాను. ఆ జవాబు మా ఇంట్లోనే బెడిసికొట్టింది. అందుకే ముందు ఆ కథ చెప్పి, తర్వాత వంటలోకి వస్తా.

మా నాయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైనారు. ఆరేళ్ళుగా షుగర్ ఉంది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు, యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూసేసి, ఫోన్‌లో పెద్ద డాక్టర్ మాదిరి చెప్పినా: "నాయనా, పొద్దున ఉగ్గాని బజ్జీ మానెయ్. రాగి జావ తాగు."

"ఉత్త పిండినీళ్ళు ఎట్లా తాగేది రా?"

"బెల్లం వేసుకో. బెల్లం అంటే చక్కెర కాదులే, ఏం కాదు."

ఆ చివరి లైన్ నాదే, ఫ్రెండ్స్. బీటెక్ చదివి, ఇంటర్‌లో కెమిస్ట్రీ మార్కులు బాగా తెచ్చుకున్న వాణ్ణి. బెల్లంలో ఉండేది కూడా ఎక్కువ భాగం సుక్రోజే అని ఆ నిమిషంలో నా బుర్రకు తట్టలేదు. నాయన కొడుకు మాట నమ్మినారు. రోజూ రెండు పెద్ద గ్లాసులు, గ్లాసుకు ఒక బెల్లం ముక్క. నాలుగైదు నెలలు గడిచినాయి. నేను జాబ్ వదిలేసి ఇంటికొచ్చినాక టెస్టుకు తీసుకుపోయినా. హెచ్‌బీఏ1సీ అంతకుముందు 7.1 ఉండేది, 8.4 కి పోయింది. డాక్టర్ అడిగినారు, "పొద్దున ఏం తీసుకుంటున్నారు?" అని. నాయన గర్వంగా, "రాగి జావ సార్, మా వాడు చెప్పినాడు" అన్నారు. ఆ మా వాడు పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేసినా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికల్లో, 100 గ్రాముల రాగుల్లో పిండిపదార్థం సుమారు 67 గ్రాములు. బియ్యంలో 78. అంటే తేడా ఉంది, కానీ మనం ఊహించుకున్నంత లేదు. రాగుల గొప్ప వేరే చోట ఉంది. క్యాల్షియం 100 గ్రాములకు 364 మిల్లీగ్రాములు. అదే బియ్యంలో పది కూడా ఉండదు. పీచు కూడా బాగా ఎక్కువ. సరే, నాయన రెండు గ్లాసుల్లో 60 గ్రాముల పిండి, 40 గ్రాముల బెల్లం. రెండూ కలిపితే 75 గ్రాముల దాకా పిండిపదార్థం, చక్కెర. ల్యాబ్‌లో షుగర్ తట్టుకునే శక్తి చూడడానికి తాగించే గ్లూకోజ్ ఎంతో తెలుసా? అది కూడా 75 గ్రాములే. జావ, గ్లూకోజ్ ఒకటి కాదులే, రక్తంలో చేరే వేగం వేరు. కానీ మెత్తటి పిండిని పల్చగా, బాగా ఉడికించి తాగితే అది రొట్టెకన్నా, సంగటికన్నా తొందరగా అరిగిపోతుంది. ఆ లెక్క చూసినాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

డాక్టర్ జావ మానెయ్యమనలేదు. బెల్లం ఆపమన్నారు, చిన్న గ్లాసు చాలన్నారు, పక్కన ఏమైనా పప్పో, మజ్జిగో ఉండేట్టు చూసుకోమన్నారు. మందు కూడా కొంచెం మార్చినారు. సరే అని మర్నాడు బెల్లం లేని జావ ఇచ్చినాం. నాయన ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసినారు. "రేయ్, ఇది జరమొచ్చినోనికి పోసేది రా. నా వల్ల కాదు." చెప్పులేసుకుని సెంటర్‌కి పోయి ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు తినొచ్చినారు. ఉగ్గాని మీద నాకేం కోపం లేదు, కర్నూల్లో పుట్టి ఆ మాట అంటే ఊరుకుంటారా! కానీ రోజూ అదే అయితే కష్టం.

కాబట్టి మా ఇంట్లో జావకు రుచి తేవడం టైంపాస్ రెసిపీ కాదు. రుచి లేకపోతే నాయన బజ్జీల బండి దగ్గరికి పోతారు, అంతే.

నా పాత ఉద్యోగం అలవాటు ప్రకారం ముందు బగ్ ఎక్కడుందో చూద్దామనుకున్నా. జావ ఎందుకు బాగుండదు? నాయన్నే అడిగినా. "పచ్చి వాసన. నాలుక మీద ఒగరు. గడ్డలు. ఇంకా, ఏ రుచీ లేదు." నాలుగు వేరువేరు కంప్లైంట్లు ఇవి. మనం నాలుగింటికీ ఒకే మందు వేస్తున్నాం, బెల్లం. అది ఎర్రర్‌ను సరిచేయకుండా ఎర్రర్ మెసేజ్‌ను దాచిపెట్టడం అన్నమాట.

మొదటి వారం పచ్చి వాసన, గడ్డల మీద పడినా. పిండిని మందపాటి బాణలిలో, నూనె లేకుండా, సన్న సెగ మీద ఐదారు నిమిషాలు వేయించండి. చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. మొదట మట్టి మీద వాన పడిన మాదిరి ఒక వాసన వస్తుంది, తర్వాత వేయించిన బుడ్డల వాసనకు దగ్గరగా మారుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో నిమిషం ఉంచితే మాడుతుంది, మాడితే చేదు. నాకు మొదటిసారి మాడింది. చల్లార్చి డబ్బాలో పెట్టుకుంటే వారం, పది రోజులకు సరిపోతుంది. ఒకేసారి రెండు కిలోలు ఆడించి నెలల తరబడి పెట్టుకోకండి, పాత పిండి జావకు ఏం చేసినా ఆ పాత వాసన పోదు.

గడ్డల సంగతి ఇంకా సింపుల్. మరిగే నీళ్ళలో పొడి పిండి వేస్తే, ప్రతి ఉండకు బయటి పొర వెంటనే ఉడికి జిగురైపోతుంది. ఆ జిగురు దాటి నీళ్ళు లోపలికి పోలేవు. లోపల పొడి పిండి అట్లే ఉండిపోతుంది. అందుకే ముందు చల్లనీళ్ళలో కలపాలి. ఒక మనిషికి 25 గ్రాముల పిండి, అంటే గుట్టగా రెండు స్పూన్లు. దాన్ని పావు గ్లాసు చల్లనీళ్ళలో పాల మాదిరి అయ్యేదాకా కలిపి, మరుగుతున్న ముప్పావు గ్లాసు నీళ్ళలో సన్నగా పోస్తూ తిప్పండి. చిక్కబడగానే దించేయడం చాలామంది చేసే తప్పు. చిక్కబడినా లోపల పచ్చిదనం ఉంటుంది. సన్న సెగ మీద ఇంకో ఎనిమిది, పది నిమిషాలు ఉడకాలి. మెరుపు వస్తుంది చూడండి, అప్పుడు దించాలి.

ఇంత చేసి ఇస్తే నాయన సగం గ్లాసు తాగినారు. "వాసన పోయింది. రుచి మాత్రం రాలే." సరే, ప్రోగ్రెస్.

రెండో వారం నేనేం కనిపెట్టలేదు. మా అవ్వ వచ్చింది. పత్తికొండ దగ్గర మా ఊరి నుంచి, కంటి చూపు చూపించుకోవడానికి. నాయన వాళ్ళమ్మ, ఎనభై దాటింది. నేను చేసిన జావ ఒక గుక్క తాగి నా మొహం చూసింది.

"ఎవురు చేసినార్రా దీన్ని?"

"నేనే అవ్వా."

"పులవనే లేదు కదా నాయనా. పులవకుండా అంబలి ఎట్లయితాది?"

అప్పుడు అర్థమైంది. మేము ఇన్నాళ్ళు అంబలిని సగం ప్రాసెస్‌లోనే ఆపేసి, రుచి లేదని ఏడుస్తున్నాం. అవ్వ చిన్నప్పుడు ఇంట్లో వరి అన్నం పండగకే. మిగతా రోజులు జొన్న రొట్టె, కొర్రన్నం, సంగటి, పొద్దున అంబలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినాక మెల్లగా అన్నమే రోజువారీ తిండి అయిపోయిందని అవ్వ చెప్తుంది. అది చెడ్డదని ఆమె ఎప్పుడూ అనదు, కడుపు నిండింది కదా అంటుంది. కానీ ఆ మార్పులో అంబలి కుండ అటక ఎక్కింది, పులియబెట్టే అలవాటు పోయింది. మళ్ళీ మనకు రాగులు ప్యాకెట్‌లో తిరిగొచ్చినప్పుడు పిండి వచ్చింది గానీ, దాన్ని ఏం చేయాలో చెప్పే మనిషి ప్యాకెట్‌లో రాలేదు.

అవ్వ పద్ధతి ఇది. రాత్రి పడుకునే ముందు పిండిని రెండింతల నీళ్ళలో కలిపి మట్టి చట్టిలో పోసి గుడ్డ కప్పాలి. స్టీల్ గిన్నె అయినా పర్లేదు, నేను ఇప్పుడు స్టీల్‌లోనే చేస్తున్నా. మొదటి రోజు తోడుకు ఒక స్పూన్ పుల్ల మజ్జిగ, తర్వాత నుంచి నిన్నటి పులిసిన పిండినీళ్ళు ఒక స్పూన్ దాచిపెట్టి వేస్తే చాలు. ఇప్పుడున్న ఎండకు ఎనిమిది గంటలు ఎక్కువే. డిసెంబర్‌లో అయితే పన్నెండు దాటినా పులవకపోవచ్చు. పొద్దున పైన చిన్న చిన్న బుడగలు, దోసె పిండి మాదిరి పుల్లటి వాసన ఉంటే రెడీ. దాన్ని మరిగే నీళ్ళలో పోసి ఇందాక చెప్పినట్టే ఉడికించాలి. పూర్తిగా చల్లారినాక మజ్జిగ. వేడి మీద పోస్తే విరిగిపోతుంది. నేను మూడుసార్లు విరగ్గొట్టినా, నాకు ఓపిక తక్కువ.

పులియడం వల్ల ఏమవుతుందంటే, పెరుగు తోడుకునేలా చేసే బ్యాక్టీరియా చుట్టాలే ఇక్కడా పని చేస్తాయి. పిండిలోని చక్కెరలు తిని లాక్టిక్ ఆసిడ్ చేస్తాయి. రాగి పొట్టులో ఉండే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. ఆ ఫైటేట్లే ఇనుము, క్యాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డం పడేవి. రుచి పరంగా చూస్తే, ఒగరు వెనక్కి పోయి పులుపు ముందుకొస్తుంది. ఏ రుచీ లేని జావకు ఇప్పుడు ఒక రుచి దొరికింది, బయట నుంచి ఏమీ వేయకుండానే.

ఒక జాగ్రత్త. ఒక రోజు నేను ఎడిటింగ్‌లో పడి చట్టిని పదహారు గంటలు వదిలేసినా. మూత తీస్తే మురుగు వాసన. పారబోసినా. పుల్లటి వాసన వేరు, కుళ్ళిన వాసన వేరు, మీ ముక్కుకు తెలుస్తుంది. పైన గులాబీ రంగో, నల్ల బూజో కనిపిస్తే రుచి కూడా చూడకండి.

ఇంకో విషయం, రాగులు అసలు మనవి కావు. తూర్పు ఆఫ్రికా కొండ ప్రాంతాల్లో మొదట సాగు చేసిన పంట, వేల ఏళ్ళ కింద మన దేశానికొచ్చింది. కెన్యాలో ఇప్పటికీ రాగి పిండితో ఉజి అని జావ చేస్తారు, దాన్ని పులియబెట్టి కూడా తాగుతారు. అంటే అవ్వా, నైరోబీ అవ్వా ఒకే మాట మీద ఉన్నారు.

పులియబెట్టిన అంబలి అనగానే మీలో కొందరు డాక్టర్ ఖాదర్ వలీ గారి పేరు రాస్తారని తెలుసు. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన మనిషి, 2023లో పద్మశ్రీ వచ్చింది. అంబలిని మళ్ళీ జనం నోటికి తెచ్చిన వాళ్ళలో ఆయన ముందుంటారు. ఆయన చెప్పే సిరిధాన్యాలు కొర్రలు, సామలు, అరికలు, ఊదలు, అండుకొర్రలు. రాగి ఆ ఐదులో లేదు. ఆయన అంబలి పద్ధతి నాకూ ఇష్టం. కానీ అంబలితో జబ్బులు నయమవుతాయి, మందులు ఆపేయొచ్చు అని ఎవరు చెప్పినా నేను ఆ మాట జోలికి పోను. నాయన మందులు ఒక్క రోజు కూడా ఆపలేదు.

మూడో వారం ఉప్పు. చిన్న విషయం మాదిరి ఉంటుంది గానీ పెద్దది. ఉప్పు ఉప్పదనం ఇవ్వడమే కాదు, చేదును, ఒగరును నాలుక మీద అణిచేస్తుంది. అమ్మ ఎప్పుడూ గ్లాసులో పోసినాక ఉప్పు వేసేది. ఉడికేటప్పుడే చిటికెడు వేస్తే తక్కువ ఉప్పుతోనే పని అవుతుంది. స్కాట్లాండ్‌లో కార్‌బ్రిడ్జ్ అని ఒక చిన్న ఊరు ఉంది. అక్కడ 1994 నుంచి జావ వండే ప్రపంచ పోటీ జరుగుతుంది. నిజంగా, జోక్ కాదు. అసలు పోటీలో వాడనిచ్చేవి మూడే: ఓట్స్, నీళ్ళు, ఉప్పు. చక్కెర, పాలు ఏమీ లేవు. గెలిచినోళ్ళకు ఇచ్చే బహుమతి గోల్డెన్ స్పర్టిల్. స్పర్టిల్ అంటే జావ తిప్పే కట్టె, మన తెడ్డుకు అన్న అనుకోండి. ఆ ఫోటో చూపిస్తే అవ్వ, "ఆ మాత్రం కట్టెకు బంగారమా" అనింది.

నాయనకు బీపీ కూడా ఉంది కాబట్టి ఉప్పు చిటికెడు దాటనివ్వలేదు. మిగతా రుచి పక్కనుంచి రావాలి. ఇక్కడే మన సీమ వంట గెలుస్తుంది. జావ మెత్తగా, చల్లగా, పుల్లగా ఉంటుంది. దానికి ఎదురుగా కరకరలాడేది, కారంగా ఉండేది ఒకటి కావాలి. సన్నగా తరిగిన ఎర్రగడ్డ గ్లాసులోనే వేసినాం. ఒక పూట పచ్చిమిరపకాయ కొరుక్కునేలా ఇచ్చినాం. ఇంకో పూట ఊరమిరపకాయ, కానీ అందులో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి సగమే. అన్నింటికన్నా బాగా కుదిరింది ఊరిబిండి. వేయించిన బుడ్డలు, కాల్చిన పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ, కొంచెం చింతపండు, రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో వేస్తే మెత్తటి పేస్ట్ అవుతుంది, ఆ కరకర పోతుంది. ఒక గుక్క అంబలి, వేలితో కొంచెం ఊరిబిండి. బుడ్డల్లోని కొవ్వు, ప్రొటీన్, మజ్జిగతో కలిసి, జావ అరిగే వేగాన్ని కూడా కొంచెం తగ్గిస్తాయి. డాక్టర్ పక్కన ఏమైనా పెట్టుకోమన్నది ఇందుకే.

ఆ రోజు నాయన గ్లాసు ఖాళీ చేసినారు. ఏమీ అనలేదు. చెప్పుల వైపు కూడా చూడలేదు. నాకు అది చాలు.

తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసినా. బెల్లం రోజుల్లో ఒకసారి 238 వచ్చింది. ఇప్పుడు 160, 170 మధ్య తిరుగుతోంది. దయచేసి దీన్ని స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో తిప్పకండి. బెల్లం తీసేసినా, గ్లాసు సగం చేసినా, పులియబెట్టినా, బుడ్డలు పెట్టినా, పైగా మందు మారింది. ఒకేసారి ఐదు మార్పులు చేస్తే ఏది పని చేసిందో చెప్పలేం. ఇదే పని ఆఫీసులో చేసి ఉంటే నా టీమ్ లీడ్ వాయించేవాడు.

సరే, షుగర్ లేని వాళ్ళ సంగతి. మీరు బెల్లం వేసుకోవచ్చు, మితంగా. రాగులను నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, వేయించి ఆడిస్తే ఆ పిండికి సొంతంగానే కొంచెం తీపి ఉంటుంది. మొలకలోని ఎంజైములు పిండిని విడగొట్టి చక్కెరగా మారుస్తాయి, జావ పల్చగా కూడా అవుతుంది. పసిపిల్లలకు మన అమ్మలు మొలకల పిండి పెట్టేది అందుకే. షుగర్ ఉన్నోళ్ళకు ఆ తీపి కూడా లెక్కలోకే వస్తుంది, మర్చిపోకండి. పాలు, యాలకులు, ఒక ఖర్జూరం, జిమ్‌కు పోయే తమ్ముళ్ళకు అరటిపండు, ఇవన్నీ మీకు తెలిసినవే. మన రాష్ట్రంలో 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టినారు కదా, బెల్లంతోనే. మా అక్క కూతురు తాగేది అదే. నా అంబలి ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "మామా, మా బడి జావే బాగుంటాది" అనేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల, గ్రౌండ్‌లో పొద్దంతా పరిగెత్తే పిల్ల. ఆమెకు బెల్లం వద్దని చెప్పే హక్కు నాకు లేదు.

రాగి ఒగరు అసలు పడదు అనేవాళ్ళు కొర్ర రవ్వతో చేసి చూడండి, ఇదే పద్ధతి. కొర్ర జావకు ఒగరు తక్కువ. మన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనే సూర్యనంది అని ఒక కొర్ర రకం తయారు చేసినారు. కొర్రలు మన ఎర్రనేల, నల్లనేల రెండింటికీ పాత చుట్టాలే.

అవ్వ పోయిన ఆదివారం ఊరికి వెళ్ళిపోయింది. పోతూ పోతూ తోడు ఉన్న ముంత నా చేతిలో పెట్టి, "రోజూ ఒక గంటె మిగిలించు, లేకపోతే మళ్ళీ మొదటికొస్తాది" అనింది. నాయన ఆదివారం మాత్రం ఉగ్గాని తింటారు, ఆ డీల్ కుదిరింది. బజ్జీలు నాలుగు కాస్తా రెండైనాయి. ఈ పొద్దున నేను షూటింగ్ హడావుడిలో ఊరిబిండి దంచడం మర్చిపోయినా. గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఏందిరా, ఈ పూట నంజుకునేదానికి ఏమీ లేదా?" అని అడిగినారు. మీకు వెనక వినిపిస్తున్న ఆ దంచే చప్పుడు అమ్మది.

తర్వాతి హెచ్‌బీఏ1సీ టెస్ట్ ఇంకా రెండు నెలలకు. రిపోర్ట్ తగ్గినా, పెరిగినా ఇదే చోట చెప్తాను. ఈలోపు మీ ఇంట్లో అంబలికి ఏం నంజుకుంటారో, మీ అవ్వలు, జేజిలు ఏం వేసేవాళ్ళో కింద రాయండి. కడప వైపు వాళ్ళు చింతాకు పొడి అన్నారు ఒకసారి, అది ఎట్లా చేస్తారో ఎవరైనా సరిగ్గా చెప్పండప్పా, వచ్చే వారం దంచి చూస్తా.